రీస్టార్ట్ కొట్టే ముందు

అర్ధరాత్రి దాటాక సర్వర్ పడిపోయిందంటే బ్రిడ్జ్ కాల్‌లో ముందుగా వినిపించే మాట ఒకటే: "ముందు రీస్టార్ట్ కొట్టండి, కారణం తర్వాత చూద్దాం." ఆ 'తర్వాత' సాధారణంగా రాదు. మెషీన్ లేస్తుంది, క్లయింట్ ఊపిరి పీల్చుకుంటాడు, టికెట్ క్లోజ్ అవుతుంది. వారం తిరక్కుండానే అదే సర్వర్ అదే తీరున మళ్లీ కూలుతుంది. ఈసారి కాల్‌లో ఇంకో పదిమంది ఎక్కువుంటారు. కారణం గురించి మాత్రం మొదటి రాత్రి ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు.

ఆ గోల మధ్యలో "ఒక్క పది నిమిషాలు ఆగుదాం సార్, డంప్ రాస్తోంది" అని నెమ్మదిగా చెప్పగలిగే మనిషి ఒక్కోసారి ఉంటారు. పెద్ద హోదా ఏమీ ఉండక్కర్లేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కుర్రాడో అమ్మాయో కావచ్చు. రేపు ఈ టీమ్‌ని నడిపేది ఎవరని అడిగితే నేను అటే చూపిస్తాను. అలాంటి మనిషిగా తయారవడం ఎలాగో చూద్దాం. అందులో సగం సాంకేతికం, సగం స్వభావం. రెండూ నేర్చుకుంటే వచ్చేవే.

ఆపరేటింగ్ సిస్టమ్ ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేని స్థితికి చేరినప్పుడు, తన మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా డిస్క్ మీద రాసిపెట్టి ఆగిపోతుంది. అదే క్రాష్ డంప్. ఆ క్షణంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోంది, ఏ డ్రైవర్ ఏ పని మధ్యలో ఉంది, ఎవరు ఎవరి కోసం కాచుకుని కూర్చున్నారు, అన్నీ అందులో ఉంటాయి. విండోస్‌లో క్రాష్ తెర (చాలాకాలం అది నీలం తెర) మీద సున్నా నుంచి వంద దాకా పాకే శాతం ఈ రాతపనిదే. అది ఇరవై దగ్గర ఉండగానే విసుగొచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకునేవాళ్లు కోకొల్లలు. కరెంటు తీయగానే ర్యామ్‌లోని సంగతులు మాయమవుతాయి. డిస్క్‌లో లాగ్ ఫైళ్లు ఉన్నాయి కదా అంటారేమో. లాగ్‌లో ఉండేది ఎవరో ముందే ఊహించి రాయించిన మాటలే. ఎవరూ ఊహించనిది జరిగినప్పుడే కదా సిస్టమ్ కూలేది!

కాబట్టి మొదటి అలవాటు: ఉపశమనానికీ కారణానికీ మధ్య కాస్త జాగా ఉంచడం. సర్వీస్ త్వరగా లేవాలి, అందులో వాదన లేదు. ఆసుపత్రి బిల్లింగో బ్యాంకు లావాదేవీలో ఆగిపోయి ఉంటే ప్రతి నిమిషం విలువైనదే. కానీ ఎన్ని నిమిషాలు ఆగగలం అన్న లెక్క ముందే తేల్చుకుని ఉంటే ఆ రాత్రి వాదన ఉండదు. "ఈ సర్వర్ పడితే డంప్ పూర్తయ్యేదాకా ఆగుతాం, ఆ సర్వర్ పడితే స్టాండ్‌బైకి మళ్లించి డంప్ తీస్తాం, ఇదిగో దీనికి మాత్రం ఆగం" అని మేనేజర్ చేత మామూలు రోజున, మధ్యాహ్నం టీ వేళ ఒప్పించుకోండి. రాత్రి రెండింటికి ఎవరూ ఏదీ ఒప్పుకోరు.

ఇక్కడ సిస్టమ్‌లు కట్టినవాళ్లని గమనిస్తే నాకు ముచ్చటేస్తుంది. కూలిపోయాక ఏం చేయాలన్నది వాళ్లు కూలకముందే, అసలు బూట్ అవుతున్నప్పుడే సిద్ధం చేసి పెట్టారు. విండోస్‌నే తీసుకోండి. సిస్టమ్ లేస్తున్నప్పుడే డిస్క్ డ్రైవర్లకి విడిగా ఒక ప్రతి తీసి మెమరీలో పక్కన ఉంచుతుంది. పేజ్‌ఫైల్ డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉందో పటం గీసుకుంటుంది. కూలిన క్షణంలో మామూలు ఫైల్ సిస్టమ్‌ని నమ్మదు, ఎందుకంటే చెడింది అదే అయ్యుండొచ్చు. తన దగ్గరున్న డ్రైవర్ల ప్రతి, పటం రెండూ పాడవలేదని సరిచూసుకుని, పక్కన పెట్టుకున్న డ్రైవర్లతో నేరుగా పేజ్‌ఫైల్ ఉన్న చోటికి మెమరీని రాసేస్తుంది. పాడైందని తేలితే రాయడమే మానేస్తుంది. తప్పుడు చోట రాసి ఉన్న డేటాని చెడగొట్టడం కన్నా డంప్ లేకపోవడమే నయమని దాని లెక్క. మళ్లీ బూట్ అయ్యాక పేజ్‌ఫైల్‌లోంచి దాన్ని తీసి విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డాట్ డీఎంపీ అనే ఫైలుగా పెడుతుంది.

లినక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2005లో వచ్చిన 2.6.13 కెర్నెల్ నుంచి కేడంప్ అనే ఏర్పాటు ఉంది. బూట్ అయ్యేటప్పుడే కొన్ని వందల ఎంబీల మెమరీని విడదీసి, అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ని ఎక్కించి ఉంచుతారు. మామూలు రోజుల్లో దానికే పనీ లేదు. పెద్ద కెర్నెల్ కూలగానే కేఎగ్జెక్ అనే సదుపాయం సాయంతో ఈ చిన్నది, బయాస్‌ని కూడా ముట్టుకోకుండా, నేరుగా లేస్తుంది. పెద్దదాని మెమరీ అంతా అప్పటికి చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. దాన్ని వీఎంకోర్ అనే ఫైలుగా చూసి, డిస్క్ మీదికి ఎక్కించి, తర్వాత మెషీన్‌ని రీబూట్ చేస్తుంది. విరిగిపోయిన కెర్నెల్ చేత తన పంచనామా తానే రాయించకూడదన్నది ఈ రూపకల్పన వెనకున్న ఆలోచన.

మనిషి విషయంలో మనం సరిగ్గా దానికి విరుద్ధంగా చేస్తాం. ఇంటర్వ్యూ పోయిన సాయంత్రమే, ప్రాజెక్ట్‌లోంచి తీసేసిన రోజునే, "నేనెందుకూ పనికిరాను" అన్న తీర్పు రాసేసుకుంటాం. రాస్తున్నది ఎవరు? అప్పుడే కూలిన కెర్నెల్! ఆ పూట తీర్పు వద్దు. జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి: ఎన్నింటికి, ఎవరు ఏ మాట అన్నారు, మీరు ఏం జవాబిచ్చారు, దానికి ముందు రోజు ఏం మారింది. విశ్లేషణ చల్లబడ్డాక చేసుకోవచ్చు, వీలైతే ఆ గదిలో లేని స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. వివరాలు మాత్రం ఆ పూటే రాయాలి. మూడు రోజులాగితే జ్ఞాపకం తనకు అనుకూలంగా కథ అల్లేసుకుంటుంది, మీకు తెలియకుండానే.

పక్కన పెట్టిన మెమరీ గురించి ప్రతి ఆఫీసులోనూ ఒక గొడవ జరుగుతుంది. "ఇన్ని వందల సర్వర్లలో తలా పావు జీబీ ఊరికే పడి ఉంది, వాడుకుందాం" అంటూ ఖర్చు తగ్గించే ఆయన ఒకరొస్తారు. విత్తనపు గింజలు వండుకు తినేద్దామన్నట్టు ఉంటుంది ఆ మాట. విండోస్‌లోనూ ఇదే కథ ఇంకో రూపంలో. సీ డ్రైవ్ నిండిపోతోందని పేజ్‌ఫైల్‌ని డీ డ్రైవ్‌కి మార్చేస్తారు, లేదా పూర్తిగా తీసేస్తారు. డంప్ కోసం విడిగా ఫైలు ఏర్పాటు చేయకపోతే, విండోస్ ఉన్న డ్రైవ్‌లో తగినంత పేజ్‌ఫైల్ లేనప్పుడు పూర్తి డంప్ రాయడానికి చోటే ఉండదు. ఆ సంగతి బయటపడేది సరిగ్గా అవసరమైన రాత్రే. మన జీవితంలోనూ ఇలా పక్కన ఉంచుకోవాల్సినవి ఉంటాయి. రోజులో ఒక అరగంట, నెల జీతంలో ఒక భాగం, ఫోన్ చేస్తే ఎత్తే ఒకరిద్దరు మనుషులు: వీటిని కూడా ఖర్చు తగ్గించే ఆయన చేతికి ఇవ్వకండి.

ఏర్పాటు చేశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఒక ప్రశ్న. ఎప్పుడైనా కావాలని కూల్చి చూశారా? కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక, ర్యామ్ పెంచాక, డిస్క్ కంట్రోలర్ మార్చాక కేడంప్ పనిచేయకుండా పోవడం మామూలే. లినక్స్‌లో సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైల్‌లోకి 'సీ' అనే ఒక్క అక్షరం పంపితే కెర్నెల్ అక్కడికక్కడే పానిక్ అవుతుంది. విండోస్‌కి సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల సాధనం ఒకటి ఉంది, పేరు నాట్ మై ఫాల్ట్. (ఆ పేరు పెట్టినాయన ఏదో ఒక టీమ్‌లో చాలాకాలం పనిచేసే ఉంటాడు.) బటన్ నొక్కితే క్రాష్ తెర గ్యారంటీ. టెస్ట్ మెషీన్ మీదో, మెయింటెనెన్స్ సమయంలోనో మాత్రమే చేయండి. డంప్ వచ్చిందా, ఎంత సైజు, ఎంతసేపు పట్టింది, తెరిస్తే తెరుచుకుందా? ఈ నాలుగూ రాసి పెట్టుకుంటే బ్రిడ్జ్ కాల్‌లో "పది నిమిషాలు" అన్నప్పుడు మీ గొంతులో బలం ఉంటుంది. ఊరికే ధైర్యం తెచ్చుకోమని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు తెలిసిన ధైర్యం ఒకసారి చేసి చూసినదాంట్లోంచి వచ్చేదే.

ఎంత దాచాలన్నది తర్వాతి సమస్య. 512 జీబీ ర్యామ్ ఉన్న డేటాబేస్ సర్వర్ మెమరీని పూర్తిగా రాయాలంటే డిస్కూ చాలదు, సహనమూ చాలదు. అందుకే విండోస్‌లో చిన్న డంప్, కెర్నెల్ డంప్, పూర్తి డంప్ అని తరగతులున్నాయి. 64 బిట్ విండోస్‌లో చిన్నది 256 కేబీ, అంటే ఫోన్‌లో తీసిన ఒక ఫొటో కన్నా తక్కువ. డిఫాల్ట్‌గా వచ్చే ఆటోమేటిక్ డంప్ దాదాపుగా కెర్నెల్ డంపే. లినక్స్‌లో మేక్‌డంప్‌ఫైల్ అనే సాధనానికి 31 అనే అంకె ఇస్తారు. ఆ 31 వెనక చిన్న చమత్కారముంది. సున్నాలు తప్ప ఏమీ లేని పేజీలు వద్దంటే 1, రెండు రకాల కాష్ వద్దంటే 2, 4, యూజర్ ప్రోగ్రామ్‌ల డేటా వద్దంటే 8, ఖాళీ పేజీలు వద్దంటే 16. అన్నీ కూడితే 31. అన్నీ వద్దనుకున్నాక మిగిలేది చాలాసార్లు మొత్తంలో చిన్న ముక్కే, కెర్నెల్ సమస్యకి జవాబు సాధారణంగా అందులోనే దొరుకుతుంది.

డైరీ రాసేవాళ్లకి కూడా ఈ వడపోత పనికొస్తుంది. రోజంతా అనుభవించిన చిరాకుల జాబితా సున్నాల పేజీ లాంటిదే. పూర్తి డంప్ కావలసిన రోజులూ ఉంటాయి, అవి అరుదు.

కూలే సిస్టమ్ ఒక విధంగా మర్యాదస్తురాలు, కూలాను అని చెప్పి కూలుతుంది. అసలు ఇబ్బంది హ్యాంగ్ అయ్యేదానితో. తెర వెలుగుతూనే ఉంటుంది, పింగ్‌కి జవాబు కూడా ఇస్తుంది, పని మాత్రం జరగదు. తనంతట తాను పడదు కాబట్టి డంప్ కూడా రాదు. అప్పుడు మనమే పడగొట్టాలి. విండోస్ రిజిస్ట్రీలో ముందే ఒక విలువ పెట్టి ఉంటే కుడివైపు కంట్రోల్ కీ పట్టుకుని స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కగానే సిస్టమ్ కావాలని క్రాష్ అయి డంప్ రాస్తుంది. సర్వర్లకైతే మేనేజ్‌మెంట్ కార్డ్ నుంచి ఎన్‌ఎంఐ అనే సిగ్నల్ పంపవచ్చు. ఇక్కడ కూడా 'ముందే' అన్నదే ముఖ్యం. హ్యాంగ్ అయ్యాక రిజిస్ట్రీ తెరవలేరు కదా. నాలుగేళ్లుగా ఒకే కుర్చీలో జవాబులిస్తూ, పని మాత్రం ముందుకి కదలని ఉద్యోగులు మీకూ తెలిసే ఉంటాయి. ఎవరో ఒకరు కూర్చోబెట్టి "అసలేం జరుగుతోంది నీకు?" అని గట్టిగా అడిగేదాకా ఆ మెషీన్‌లోంచి ఆధారం బయటికి రాదు.

ఇక డంప్‌ని చదవడం. అసలు గుణపాఠాలన్నీ ఇక్కడే ఉన్నాయి, అందుకే కాస్త ఆగుదాం.

విన్‌డీబగ్‌లో డంప్ తెరిచి ఎనలైజ్ కమాండ్ ఇస్తే చివరికి అనుమానితుడిగా ఒక మాడ్యూల్ పేరు చూపిస్తుంది. కొత్తవాళ్లు ఆ పేరు పట్టుకుని మెయిల్ కొట్టేస్తారు: ఫలానా డ్రైవర్ వల్లే, ఫలానా టీమ్ వల్లే అని. చాలాసార్లు అక్కడ కనిపించేది విండోస్ కెర్నెల్ ఫైలు పేరే. జరిగింది ఇలా ఉంటుంది: ఎక్కడో ఒక డ్రైవర్ తనది కాని మెమరీలో ఏదో రాసేసి తన దారిన తాను వెళ్లిపోయింది. చాలాసేపటి తర్వాత ఇంకెవరో అమాయకుడు ఆ చెడిన మెమరీ మీద కాలేసి జారిపడ్డాడు. డంప్‌లో దొరికేది జారిపడ్డవాడు. నీళ్లొలకబోసినవాడు అప్పటికి అక్కడ ఉండడు. అలాంటివాణ్ణి పట్టడానికి విండోస్‌లో డ్రైవర్ వెరిఫైయర్ అనే ఏర్పాటు ఉంది. అనుమానమున్న డ్రైవర్ల మీద నిఘా పెట్టి, తప్పు చేసిన క్షణంలోనే సిస్టమ్‌ని ఆపేస్తుంది, అందుకే ఆ తర్వాత వచ్చే డంప్ అసలు దోషిని చూపిస్తుంది. మీ టీమ్‌లో ఎవరి చేతిలో బిల్డ్ విరిగిందో వాళ్ల మీద అరిచే అలవాటుంటే, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆఖరున తాకినవాడు, తప్పు చేసినవాడు వేరువేరు మనుషులు కావడానికి అవకాశం ఎక్కువ.

డంప్ చదవడానికి సరైన సింబల్స్ (మెమరీ చిరునామాలని కోడ్‌లోని పేర్లుగా చూపించే ఫైళ్లు) కూడా కావాలి. ఏ బిల్డ్ కూలిందో సరిగ్గా ఆ బిల్డ్‌వే ఉండాలి. దగ్గరలో ఉన్న వెర్షన్‌వి పెడితే పేర్లు కనిపిస్తాయి, కాల్ స్టాక్ కూడా అర్థవంతంగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ తప్పు. అసలు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. ఒకరి పరిస్థితిని మన పాత అనుభవంతో చదివేసి "నాకు తెలుసులే" అనే పెద్దలు చేసేది కూడా ఇదే.

ఆఖరున తాకినదాన్ని దాటి వెనక్కి వెళ్లడమంటే ఏమిటో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ తన ఫాల్కన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఈలోగా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర వేశాయి. విమానాలు ఆగాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ అందుకున్న ప్రయాణికుడి ఫొటో దేశమంతా తిరిగింది. క్రాష్ డంప్‌లు తెరిచినవాళ్లకి కనిపించింది కొన్ని అంకెలూ ఒక డ్రైవర్ పేరూ: ఆ డ్రైవర్ తనకు కేటాయించని చోటి నుంచి మెమరీ చదవబోయింది. అక్కడితో ఆగితే 'డ్రైవర్‌లో బగ్' అని రాసి ఊరుకోవచ్చు. ఆగస్టు 6న కంపెనీ వెలువరించిన మూలకారణ నివేదిక ఇంకా వెనక్కి వెళ్లింది. కొత్త నిర్వచనం 21 విలువలు అడుగుతోంది, దాన్ని నడిపే కోడ్ ఇస్తున్నవి 20. అప్పటిదాకా ఆ ఇరవై ఒకటో గడిలో 'ఏదైనా సరే' అన్న గుర్తు ఉండేది కాబట్టి ఎవరూ దాన్ని నిజంగా చూడబోలేదు, టెస్టులన్నీ పాసయ్యాయి. ఆ రోజు పంపిన ఫైలు మొదటిసారి ఆ గడిని చూడమంది. పైగా అప్‌డేట్‌ని కొందరికి పంపి చూసి తర్వాత అందరికీ పంపే పద్ధతి ఈ రకం ఫైళ్లకి లేదు. మొదటి 'ఎందుకు'కి డ్రైవర్ దొరికింది, రెండో 'ఎందుకు'కి లెక్క తేడా, మూడోదానికి టెస్టులో లోపం, నాలుగోదానికి పంపిణీ పద్ధతి. మీ ఆర్‌సీఏ (మూలకారణ విశ్లేషణ) మొదటి 'ఎందుకు' దగ్గరే ఆగిపోతే అందులో ఎవరో ఒకరి పేరు తప్ప ఇంకేమీ మిగలదు.

డంప్‌లని పోగేయడం కూడా జబ్బే. ఒక సర్వీస్ పది సెకన్లకోసారి కూలి లేస్తూ, ప్రతిసారీ రెండు జీబీల కోర్ ఫైలు వదులుతుంటే, గంట తిరిగేసరికి డిస్క్ నిండి పక్కనున్న మంచి సర్వీసులు కూడా పడిపోతాయి. సిస్టమ్‌డీ కోర్‌డంప్‌లో మొత్తం ఎంత జాగా వాడాలో, ఎంత ఖాళీ వదలాలో హద్దులు పెట్టొచ్చు. విండోస్‌లో ప్రోగ్రామ్‌ల డంప్‌లని లోకల్‌డంప్స్ అనే రిజిస్ట్రీ కీ ద్వారా ఒక ఫోల్డర్‌లోకి మళ్లిస్తే, డిఫాల్ట్‌గా పది దాటగానే పాతవి పోతాయి. సిస్టమ్ డంప్ సంగతి వేరు. మెమరీ డాట్ డీఎంపీ ఒక్కటే ఉంటుంది, కొత్త క్రాష్ పాతదాని మీద రాసేస్తుంది. వరస క్రాష్‌లలో మొదటిది అన్నిటికన్నా విలువైంది, ఎందుకంటే తర్వాతవి చాలావరకు దాని పర్యవసానాలే. మెషీన్ లేవగానే ఆ ఫైలుని వేరే చోటికి మార్చి, పేరులో తేదీ, సర్వర్, బిల్డ్ నంబర్ పెట్టండి. "న్యూ ఫోల్డర్ 3"లో పడేసిన డంప్ ఉన్నా లేనట్టే.

మార్చేటప్పుడు ఎక్కడికి మారుస్తున్నారో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పూర్తి డంప్ అయితే మెమరీలో ఉన్నదంతా అందులో ఉంటుంది. పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ తాళాలు, కస్టమర్ ఆధార్ నంబర్, ఎవరో టైప్ చేస్తున్న మెయిల్, అన్నీ. అది లాగ్ ఫైలు కాదు, అవతలివాళ్ల బీరువా. వెండర్ అడిగాడని ఓపెన్ లింక్‌లో పెట్టి పంపేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి, ఎవరెవరు తెరిచారో నమోదు చేయండి, పని ముగిశాక అక్కడా ఇక్కడా తుడిచేయండి. నమ్మి చెప్పిన మాటలు దాచుకోవడం చేతకానివాడికి ఎవరూ రెండోసారి డంప్ ఇవ్వరు, మనుషులైనా అంతే.

ఈ భయం ఊహ కాదని చెప్పడానికి చాలామంది ఎత్తే ఉదాహరణ ఒకటుంది. అది జాగ్రత్తగా చెప్పాల్సినది. 2023లో చైనాతో సంబంధమున్న హ్యాకర్ల ముఠా ఒకటి మైక్రోసాఫ్ట్ వారి సంతకపు తాళాన్ని (సైనింగ్ కీని) సంపాదించి, 22 సంస్థలకి చెందిన 500 మందికి పైగా మెయిల్ పెట్టెల్లోకి చొరబడింది. బాధితుల్లో అమెరికా వాణిజ్య మంత్రి కూడా ఉన్నారు. తాళం ఎలా పోయింది? సెప్టెంబర్ 6న మైక్రోసాఫ్ట్ ఒక వివరణ ఇచ్చింది: 2021 ఏప్రిల్‌లో ఒక సిస్టమ్ కూలినప్పుడు ఆ తాళం క్రాష్ డంప్‌లోకి చేరింది, ఆ డంప్ కట్టుదిట్టమైన చోటి నుంచి డీబగ్గింగ్ చోటికి మారింది, హ్యాకర్లు అక్కడ దాన్ని దొరకబుచ్చుకుని ఉంటారు. కథ చక్కగా అతికింది, అందరూ నమ్మారు. తీరా ఆ తాళం ఉన్న డంప్ మాత్రం వాళ్లకి దొరకలేదు. ఆ ముక్కని 2024 మార్చి 12న పాత వివరణకి చేర్చారు. సరిదిద్దడానికి అన్ని నెలలు ఎందుకు పట్టిందని ఏప్రిల్‌లో వచ్చిన అమెరికా సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు నివేదిక గట్టిగానే తప్పుపట్టింది.

డంప్‌లో రహస్యాలు ఉండగలవన్నది ఇప్పటికీ నిజమే. ఆ కేసులో అలాగే జరిగిందన్నది మాత్రం రుజువు కాలేదు. ఈ రెండు వాక్యాలనీ కలిపేయకుండా విడివిడిగా రాయగలగడం ఒక నైపుణ్యం, చాలామంది సీనియర్లకి కూడా అలవడనిది. మీ టీమ్ ఆర్‌సీఏ ఫారం ఒకసారి తెరిచి చూడండి. 'మూలకారణం' అనే గడి ఒక్కటే ఉంటే రేపే పక్కన ఇంకో రెండు చేర్చమని అడగండి: 'దీనికి చేతిలో ఉన్న ఆధారం', 'ఇంకా ఊహగా ఉన్నది'. మూడో గడి నింపినవాణ్ణి మీటింగ్‌లో నిలదీయకుండా చూసే పూచీ మాత్రం లీడ్‌ది.